గదిలో గంట, బడిలో రోజంతా

ఆదివారం సాయంత్రం కడుపునొప్పి. సోమవారం పొద్దున తలనొప్పి, వాంతి వచ్చేలా ఉందంటాడు. సెలవు రోజున మాత్రం ఏ నొప్పీ ఉండదు. ఫ్యామిలీ డాక్టరు చూసి అంతా బాగానే ఉందంటారు. పొద్దున కట్టిచ్చిన లంచ్ బాక్సు మూత తీయకుండానే తిరిగొస్తుంది. చలికాలం సగం గడవకముందే గ్లోవ్స్ రెండు జతలు పోయాయంటాడు, టోపీ ఎక్కడ పెట్టాడో గుర్తులేదంటాడు. ఎడ్మంటన్ డిసెంబరులో పిల్లాడు వట్టి చేతులతో ఇంటికి నడిచొచ్చాడంటే అది మతిమరుపు కాకపోవచ్చు. ఎవరో లాక్కుని మంచులోకి విసిరేసి ఉండొచ్చు.

ఒక్కొక్కటిగా చూస్తే ఇవేవీ పెద్ద విషయాలు కావు. రెండు మూడు వారాలు వరసగా కనిపిస్తే మాత్రం బడిలో ఎవరో ఏడిపిస్తున్నారేమో అని ఆలోచించాలి. ఆడపిల్లల విషయంలో గుర్తులు ఇంకా సన్నగా ఉంటాయి. నిన్నటిదాకా రోజూ పేరు చెప్పిన స్నేహితురాలి ఊసు ఉన్నట్టుండి ఆగిపోతుంది. పుట్టినరోజు పార్టీకి క్లాసులో అందరికీ పిలుపు వచ్చి తనకి రాదు. గ్రూప్ చాట్‌లోంచి తీసేశారని మనకి తెలిసేసరికి నెల గడిచిపోయి ఉంటుంది.

ఇలాంటప్పుడు థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలా? వెళ్లాలి. అయితే ఎందుకు వెళ్తున్నామో తెలుసుకుని వెళ్లాలి. "మావాడు కాస్త మెతక, కొంచెం గట్టిపడేలా చేయండి" అని అప్పజెప్పి పార్కింగ్ లాట్‌లో కూర్చుంటే ఒరిగేది తక్కువ. థెరపిస్ట్ గదిలో పిల్లాడు గడిపేది వారానికో రెండు వారాలకో ఒక గంట. మిగతా రోజులన్నీ అదే క్లాసు, అదే బస్సు, అవే లాకర్లు. మనసుకి తగిలిన గాయాన్ని ఆ గంటలో మాన్పడం మొదలుపెట్టవచ్చు. కొత్త గాయాలు తగలకుండా ఉండాలంటే చుట్టూ ఉన్నవాళ్లు కదలాలి. అమ్మానాన్నలు, టీచర్లు, ప్రిన్సిపాల్, పక్కన నిలబడి చూస్తున్న తోటి పిల్లలు, అందరూ. వాళ్లని కదిలించడం మంచి థెరపిస్ట్ పనిలో సగం అని నా గట్టి నమ్మకం. ఆ సగాన్ని అడిగి మరీ చేయించుకోవాలి.

ఇంట్లో వచ్చే మొదటి మాట

పిల్లాడు నోరు విప్పగానే మన ఇళ్లలో వచ్చే జవాబులు రెండు. "నువ్వూ ఒకటి తగిలించు, మళ్లీ నీ జోలికి రాడు" అని ఒకరు. "వాళ్లని పట్టించుకోకు నాన్నా, నీ చదువు నువ్వు చదువుకో" అని ఇంకొకరు. రెండూ ప్రేమతో అన్నవే. రెండూ పనికిరావు.

ఎందుకు పనికిరావో మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వెయస్ పరిశోధన చెబుతుంది. 1982 చివర్లో నార్వేలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటివాళ్ల వేధింపులే కారణమని దేశం తల్లడిల్లింది. 1983లో బడులన్నిటా నివారణ కార్యక్రమం మొదలైంది. దానికి దారి చూపిన ఓల్వెయస్ బుల్లీయింగ్‌కి మూడు లక్షణాలు చెప్పారు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. మూడోదే అసలు సంగతి. బలమంటే కండబలం ఒక్కటే కాదు. ఆ బడిలో కిండర్‌గార్టెన్ నుంచి ఉన్న పిల్లాడికీ, మొన్న ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చి నాలుగో తరగతిలో చేరిన పిల్లాడికీ బలం సమానం కాదు. యాస వేరు, స్నేహితులు లేరు, హాకీ మాటలు అర్థం కావు. బలం సమానంగా ఉంటే తిరగబడమనవచ్చు. లేనప్పుడు తిరగబడినవాడే దెబ్బ తింటాడు, తర్వాత ఆఫీసులో మాట పడేదీ వాడే. ఇక పట్టించుకోకుండా ఉండటం పిల్లాడు మొదటి రోజే ప్రయత్నించి ఉంటాడు. అది పనిచేయకపోబట్టే మన దగ్గరికి వచ్చాడు.

మరి ఏమనాలి? "నాకు చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. దీన్ని నువ్వొక్కడివే మోయక్కర్లేదు. ఏం చేసినా నీకు చెప్పే చేస్తాం." ఆ నాలుగు మాటల్లో చివరిది చాలా ముఖ్యం. పిల్లలు నెలల తరబడి దాచడానికి పెద్ద కారణం, చెబితే నాన్న మర్నాడే బడికెళ్లి గొడవ చేస్తాడనీ, ఆ తర్వాత తన పరిస్థితి ఇంకా దిగజారుతుందనీ భయం. కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఇంకో భారం కూడా ఉంటుంది. అమ్మ నైట్ షిఫ్టు చేసి వస్తోంది, నాన్న వర్క్ పర్మిట్ సంగతి తేలలేదు, ఇంట్లో ఎప్పుడూ డబ్బు లెక్కలే వినిపిస్తున్నాయి. ఇలాంటప్పుడు పదేళ్ల పిల్ల తన బాధ కూడా ఎందుకులే అని మింగేస్తుంది. థెరపిస్ట్ దగ్గర మొదట బయటికి వచ్చేది చాలాసార్లు ఈ మాటే.

ఆ గంటలో ఏం జరుగుతుంది

ఎడ్మంటన్ మిల్‌వుడ్స్‌లో ఆరో తరగతి చదువుతున్న ఒక పిల్లాణ్ని ఊహించుకుందాం. మొదటి రోజు థెరపిస్ట్ వాణ్ని ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని నిలదీయదు. ముందు నమ్మకం కుదరాలి. తను చెప్పిందంతా అమ్మానాన్నలకి చేరుతుందా అన్నది వాడి మనసులోని ప్రశ్న, దానికి సూటిగా జవాబు చెబుతుంది. చాలావరకు మన మధ్యే ఉంటుంది. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, ఎవరైనా పెద్దవాళ్లు నిన్ను హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు. తల్లిదండ్రులుగా మనం కూడా ఈ హద్దుని గౌరవించాలి. కారెక్కగానే "ఏం అడిగింది? ఏం చెప్పావు?" అని మొదలుపెడితే వచ్చే వారం వాడు నోరు తెరవడు.

ఆ తర్వాత చనిపోవాలనిపించిందా అని అడుగుతుంది. ఈ ప్రశ్న వినగానే మన తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు, లేనిపోని ఆలోచన పుట్టిస్తున్నారని భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నదైతే బయటపడి పిల్లాడి గుండె బరువు దిగుతుంది. పిల్లలు నేరుగా చావు మాట ఎత్తకపోవచ్చు. "రేపు లేవకుండా ఉంటే బాగుండు" అంటారు. అది విన్న థెరపిస్ట్ మిగతా పనంతా పక్కనపెట్టి ముందు పిల్లాడి భద్రత చూస్తుంది.

రెండో మూడో వారంలో కాగితం మీద బడి బొమ్మ గీయమంటుంది. గేటు, కోట్లు తగిలించే వసారా, వాష్‌రూమ్, జిమ్, బస్సాగే చోటు. భయం లేని చోట్లకి ఆకుపచ్చ, భయం వేసే చోట్లకి ఎరుపు. "బడంటేనే భయం" అన్న మాట ఈ బొమ్మతో "రెండో రిసెస్ తర్వాత బూట్లు విప్పే చోట" అని తేలుతుంది. ఎక్కడో, ఎప్పుడో తెలిసిన భయానికి ఏదో ఒకటి చేయగలం. చలి మరీ ఎక్కువైన రోజుల్లో రిసెస్ లోపలే పెడతారు. పిల్లలందరూ ఇరుకు చోట, పెద్దల కన్ను తక్కువగా పడే చోట చేరతారు. మన శీతాకాలం ఎంత పొడుగో తెలుసు కదా, ఆ ఎరుపు రంగు చాలాసార్లు భవనం లోపలే కనిపిస్తుంది. ఈ బొమ్మ తర్వాత ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు బలమైన ఆధారమవుతుంది.

అసలు చికిత్స వాడి ఆలోచనలతో. నెలలపాటు ఏడిపింపు భరించిన పిల్లాడి మనసులో "నాలోనే ఏదో తేడా ఉంది" అన్న నమ్మకం పాతుకుపోతుంది. ఏడిపించేవాళ్లు వెళ్లిపోయినా ఆ నమ్మకం వెళ్లదు, హైస్కూల్‌కీ కాలేజీకీ వెంట వస్తుంది. సీబీటీ అని పిలిచే పద్ధతిలో థెరపిస్ట్ ఈ నమ్మకాన్ని పిల్లాడి ముందు పెట్టి, ఇది నిజమనడానికి ఏముంది, కాదనడానికి ఏముంది అని వాడి చేతే వెతికిస్తుంది. "అందరూ నన్ను అసహ్యించుకుంటారు" అన్నవాడు లెక్కపెట్టి చూస్తే ముగ్గురు తేలతారు. తక్కిన ఇరవై మంది ఊరికే ఉన్నవాళ్లు. ఈ లెక్క వాడికి పెద్ద ఊరట. ఏడెనిమిదేళ్ల పిల్లలకైతే ఇలా మాటలతో కుదరదు. బొమ్మలు, ఇసుక, రంగులు పెట్టి ఆటలోనే చేస్తారు. బిడ్డ గంటసేపు ఆడుకుని వచ్చిందంటే డబ్బు వృథా అయిందనుకోకండి.

కొంత అభ్యాసం కూడా ఉంటుంది. థెరపిస్ట్ ఏడిపించేవాడిలా నటిస్తుంది, పిల్లాడు జవాబు చెప్పాలి. పొడుగు జవాబు వద్దు, ఏడుపు గొంతు వద్దు. "ఆపు" అని ఒక్క మాట, భుజాలు నిటారుగా, అక్కణ్నుంచి నడిచి పెద్దవాళ్లున్న వైపు వెళ్లడం. పదిసార్లు చేస్తే ఒంటికి అలవాటవుతుంది. కానీ ఇది పిల్లాడు నిలదొక్కుకోవడానికి మాత్రమే. వేధింపు ఆపే బాధ్యత వాడి భుజాల మీద పెట్టకూడదు. ఈ ఒక్కటే నేర్పి పంపే థెరపీ, "నువ్వు సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఇలా జరిగేది కాదు" అన్న సందేశాన్ని చల్లగా ఇచ్చినట్టే అవుతుంది.

లంచ్ బాక్సు గురించి ఒక మాట. పులిహోర వాసనకి ముక్కు మూసుకున్నారు, చేత్తో తింటే నవ్వారు, పేరుని వంకరగా పలికి పాట కట్టారు, ఒంటి రంగు మీద మాట అన్నారు. ఇది ఉత్త ఏడిపింపు కాదు, జాతి వివక్ష. థెరపిస్ట్ దాన్ని ఆ పేరుతోనే పిలవాలి, బడికి రాసే ఉత్తరంలో కూడా ఆ పేరే రాయాలి. "రేపటినుంచి శాండ్‌విచ్ పెట్టండి" అని సలహా ఇచ్చి ఊరుకునే థెరపిస్ట్‌ని మార్చుకోండి. పిల్లాడు తనంతట తానే శాండ్‌విచ్ అడిగితే మాత్రం కాదనకండి, అది వాడి ఇష్టం. మన తిండి పట్ల సిగ్గు పడకూడదని వాడికి ఉపన్యాసం ఇవ్వడానికి ఇది సమయం కాదు.

థెరపిస్ట్‌తో మాట్లాడటానికి మీ ఇంగ్లీషు చాలదనిపిస్తే దుబాసీని అడగండి. పిల్లాడి చేతే వాడి బాధను అమ్మమ్మకో అమ్మకో తెలుగులో చెప్పించడం ఎంతమాత్రం తగదు. కన్నవాళ్ల ముఖం చూస్తూ అనువదించేటప్పుడు పిల్లలు సగం మాటలు దాచేస్తారు.

బడితో

అల్బర్టాలో 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఎడ్యుకేషన్ యాక్ట్ మన చేతిలో ఉన్న గట్టి ఆసరా. హాని, భయం, బాధ కలిగించాలని పదేపదే చేసే శత్రుత్వంతో కూడిన, కించపరిచే ప్రవర్తనను ఆ చట్టం బుల్లీయింగ్ అంటుంది. మనసుకి, పరువుకి కలిగే హాని కూడా అందులోకే వస్తుంది. బడి భవనం బయట జరిగినా, ఫోన్‌లో జరిగినా అలాంటిది చేయకుండా ఉండటం, చూస్తే చెప్పడం విద్యార్థుల బాధ్యత అని రాశారు. ప్రతి స్కూల్ బోర్డూ ప్రవర్తనా నియమావళి పెట్టాలి. అందులో బాధపడిన పిల్లలకీ, బాధపెట్టిన పిల్లలకీ ఇద్దరికీ సాయం ఎలా అందిస్తారో చెప్పాలి. ఈ చివరి సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. ఎడ్మంటన్ పబ్లిక్ స్కూల్స్ అయినా ఎడ్మంటన్ క్యాథలిక్ స్కూల్స్ అయినా ఇదే చట్టం కింద ఉన్నాయి. కాబట్టి బడికి వెళ్లేటప్పుడు బతిమాలుకోవడానికి వెళ్తున్నట్టు వెళ్లక్కర్లేదు, పోట్లాడటానికీ వెళ్లక్కర్లేదు.

మీరు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే థెరపిస్ట్ బడితో నేరుగా మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో పిల్లాడితో కలిసి ముందే అనుకోండి. ఆ మాటల ఫలితంగా ఒక కాగితం రావాలి. ఎరుపు చోట్లలో ఏ టైములో ఏ పెద్దమనిషి ఉంటారు? కష్టం వస్తే పిల్లాడు క్లాసులోంచి అడక్కుండా ఎవరి గదికి వెళ్లవచ్చు? బస్సులో ఎక్కడ కూర్చుంటాడు? పని జరుగుతోందో లేదో చూడటానికి మళ్లీ ఏ తేదీన కలుస్తాం? "మేం చూసుకుంటాం" అన్న హామీ మంచి మనసుతో ఇచ్చిందే కావచ్చు, కానీ పేర్లూ తేదీలూ లేకపోతే రెండు వారాల్లో అందరూ మరచిపోతారు.

ఒక ప్రతిపాదనకి మాత్రం ఒప్పుకోకండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదురుస్తామని, చేతులు కలిపిస్తామని కొందరు అంటారు. ఇద్దరు స్నేహితులు పోట్లాడుకున్నప్పుడు అది బాగుంటుంది. బలం సమానంగా లేని చోట మాత్రం బాధపడిన పిల్లాణ్ని మళ్లీ అదే మనిషి ముందు నిలబెట్టడమే అవుతుంది. వాడు భయంతో "సరే" అంటాడు, బయటికి రాగానే రెండింతలు అనుభవిస్తాడు. మీరు వద్దంటే మొండితనంగా అనిపించవచ్చు. ఆ మాట థెరపిస్ట్ చేత చెప్పించండి.

రాజీకి బదులు చేయదగిన పనికి ఆధారం టొరంటో బడుల ఆట స్థలాల్లో దొరికింది. యార్క్ యూనివర్సిటీకి చెందిన డెబ్రా పెప్లర్, క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన వెండీ క్రెయిగ్ తదితరులు పిల్లలకి మైకులు తగిలించి, దూరంనుంచి వీడియో తీసి చూశారు. 2001లో అచ్చయిన ఆ పరిశోధనలో, దాదాపు పదింట తొమ్మిది వేధింపు సందర్భాల్లో, కచ్చితంగా చెప్పాలంటే 88 శాతం, తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. వాళ్లు అడ్డుపడింది 19 శాతం సార్లే. అలా అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. పది సెకన్లు! మనం ఆరు నెలలు తిరిగి సాధించలేనిది క్లాసులో పక్కన కూర్చునే పిల్ల ఒక్క మాటతో సాధించగలదు. ఈ ఇద్దరు శాస్త్రవేత్తలు తర్వాత ప్రెవ్‌నెట్ అనే జాతీయ వేదికను నడిపించారు. బుల్లీయింగ్ పిల్లల మధ్య సంబంధాలు చెడటం వల్ల వచ్చేది, సంబంధాలు బాగుచేస్తేనే పోతుందన్నది వాళ్ల సిద్ధాంతం. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి బృందం తయారుచేసిన కివా కార్యక్రమం కూడా చూస్తూ నిలబడే పిల్లల మీదే దృష్టి పెడుతుంది. నవ్వేవాళ్లు లేకపోతే ఏడిపించేవాడికి దక్కే గొప్ప ఏముంది?

బడి కౌన్సెలర్‌తో కలిసి థెరపిస్ట్ చేయించగల పద్ధతి ఒకటుంది, 1990ల మొదట్లో ఇంగ్లండులో బార్బరా మెయిన్స్, జార్జ్ రాబిన్సన్ రూపొందించినది. ముందు బాధపడిన పిల్లాడితో మాట్లాడి, వాడెలా ఉన్నాడో తెలుసుకుంటారు. తర్వాత ఆరేడుగురు పిల్లల్ని పిలుస్తారు. వాళ్లలో ఏడిపించినవాళ్లు, పక్కన నవ్వినవాళ్లు, ఊరికే చూసినవాళ్లు, మంచి మనసున్న ఒకరిద్దరు ఉంటారు. బాధపడిన పిల్లాడు అక్కడ ఉండడు. ఎవరినీ తప్పుపట్టకుండా వాడి పరిస్థితి చెప్పి, వాడి రోజు కాస్త బాగుపడటానికి మీరేం చేయగలరని ఒక్కొక్కరినీ అడుగుతారు. "రిసెస్‌లో పిలుస్తాను" అంటుంది ఒకమ్మాయి. "బస్సులో పక్కన కూర్చుంటాను" అంటాడొకడు. వారం తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కలిసి అడుగుతారు. దెబ్బలు తగిలినంత తీవ్రమైన సందర్భాలకి ఇది సరిపోదు, శిక్ష లేదేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. కానీ వెలివేతకీ వెక్కిరింతకీ ఇంతకన్నా సహజమైన మందు నాకు కనిపించలేదు.

థెరపిస్ట్ బడి లోపలే ఉంటే ఇదంతా ఎంత తేలికవుతుందో చూపే ఉదాహరణ ఎడ్మంటన్‌లోనే ఉంది. 2016లో ఐదు బడుల్లో మొదలైన ఆల్ ఇన్ ఫర్ యూత్ కార్యక్రమంలో రెండు స్కూల్ బోర్డులూ, ది ఫ్యామిలీ సెంటర్, ఈ4సీ, యునైటెడ్ వే వంటి సంస్థలూ చేతులు కలిపాయి. బడిలోనే థెరపిస్ట్, సక్సెస్ కోచ్, మెంటర్లు, తిండి, బడి తర్వాత ఆటపాటలు, ఇంటివాళ్లకి సాయం, అన్నీ ఒకే చోట. పేదరికం ఎక్కువున్న పేటల కోసం పెట్టింది ఇది. అక్కడి థెరపిస్ట్ పిల్లాడి కథ వినడంతో ఆగిపోనక్కర్లేదు, హాల్లోకి వెళ్లి చూడవచ్చు, టీచర్‌ని టీ టైములో పలకరించవచ్చు. ఇలాంటి ఏర్పాటు ప్రతి బడిలో ఉండాలని తల్లిదండ్రులుగా మనం స్కూల్ కౌన్సిల్ సమావేశాల్లో అడగాలి. ఆ సమావేశాలకి మనవాళ్లు వెళ్లడం చాలా తక్కువ.

బడి కదలకపోతే? టీచర్, ప్రిన్సిపాల్, ఆ తర్వాత బోర్డు, ఈ వరసలో వెళ్లండి. పిల్లల చదువుని గణనీయంగా దెబ్బతీసే నిర్ణయం మీద బోర్డుకి అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. ప్రతి సంఘటనా తేదీతో రాసుకోండి, ప్రతి ఫోన్ మాట తర్వాతా ఒక చిన్న ఈమెయిల్ పంపండి.

ఏడిపిస్తున్నది మన పిల్లాడే అయితే

ఈ భాగాన్ని దాటేసి వెళ్లకండి. ప్రిన్సిపాల్ దగ్గరనుంచి అలాంటి ఫోన్ వచ్చినప్పుడు "మావాడు అలాంటివాడు కాదు" అన్న మాట నోటికి వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక బెల్టు తీయడం దాని రెండో ముఖం. మొదటిది పిల్లాడికి తప్పించుకోవచ్చని నేర్పుతుంది. రెండోది, బలమున్నవాడు లేనివాణ్ని కొట్టవచ్చన్న పాఠాన్నే ఇంట్లో మళ్లీ చెబుతుంది.

ఈ పిల్లలకి థెరపీ అవసరం తక్కువేం కాదు. కొందరు ఇంతకుముందు వేధింపులు భరించినవాళ్లే, తమకన్నా బలహీనుడు దొరకగానే అదే వాడి మీద చూపిస్తారు. కొందరి ఇళ్లలో గొంతు పెద్దదైనవాడి మాటే చెల్లుతుంది. కొందరికి గుంపులో స్థానం పోతుందన్న భయం. ఇంకొందరు మన ఇళ్లలో పొద్దస్తమానం వినే పోలికల్లో నలిగినవాళ్లు. పక్కింటి పిల్ల మార్కులు, పెద్దనాన్న కొడుకు వాటర్లూ సీటు. ఇంట్లో ఎప్పుడూ తక్కువైనవాడు బడిలో ఒకణ్ని తక్కువ చేసి ఊపిరి తీసుకుంటాడు. థెరపిస్ట్ కారణం వెతుకుతుంది, కానీ కారణాన్ని సాకుగా మారనివ్వదు. చేసింది ఏమిటో పిల్లాడి నోటితోనే, "ఊరికే జోక్ చేశాం" అన్న ముసుగు లేకుండా చెప్పిస్తుంది. అవతలివాడి రోజు ఎలా గడిచి ఉంటుందో పొద్దున్నుంచి రాత్రిదాకా ఊహించి చెప్పమంటుంది. పోయిన గ్లోవ్స్ కొనివ్వడం, పుకారు పుట్టించిన చోటే అది అబద్ధమని చెప్పడం లాంటి దిద్దుబాటు పని ఏదో ఒకటి చేయిస్తుంది. నాయకత్వం చేసే చొరవ ఉన్న పిల్లాడైతే ఆ చొరవకి మంచి దారి వెతుకుతుంది.

బడినుంచి సస్పెండ్ చేస్తే సమస్య పోతుందని బాధపడిన పిల్లల తల్లిదండ్రులకి అనిపించడం సహజం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2008లో ఇచ్చిన నివేదిక, ఇలాంటి కఠిన శిక్షల విధానాలు బడుల్ని మరింత సురక్షితం చేశాయనడానికి ఆధారం లేదని తేల్చింది. కొద్ది రోజులు దూరంగా ఉంచడం అవసరం కావచ్చు. తిరిగొచ్చే పిల్లాడు మారి రావాలంటే ఆ రోజుల్లో ఎవరో వాడితో కూర్చోవాలి.

ఫోన్ గురించి

అల్బర్టాలో 2024 సెప్టెంబరు నుంచి క్లాసులో సొంత ఫోన్లు వాడకూడదు. మంచిదే. ఫోన్‌లో వేధింపు ఎక్కువగా జరిగేది రాత్రి, మంచం మీద. తెలియగానే ఫోన్ లాక్కోకండి. లాక్కుంటారన్న భయంతోనే పిల్లలు చెప్పరు. స్క్రీన్‌షాట్లు దాచండి, బ్లాక్ చేయడం నేర్పండి, రాత్రి ఇంట్లో అందరి ఫోన్లూ, మీది కూడా, వంటింట్లో పెట్టే అలవాటు చేయండి. అనుమతి లేకుండా ఒకరి నగ్న చిత్రాలు పంచడం కెనడాలో 2015 నుంచి క్రిమినల్ నేరం. అలాంటిది జరిగితే కెనడియన్ సెంటర్ ఫర్ చైల్డ్ ప్రొటెక్షన్ నడిపే నీడ్‌హెల్ప్‌నౌ సైటు ఆ చిత్రాలు ఎలా తీయించాలో అడుగడుగునా చెబుతుంది. కన్నబిడ్డని ఆ రాత్రి తిట్టకండి.

గుంపుగా కొట్టడం, ఆయుధం చూపడం, చంపుతామని బెదిరించడం జరిగితే అది థెరపీతో మొదలయ్యే వ్యవహారం కాదు, ముందు పోలీసులు. 1997లో బ్రిటిష్ కొలంబియాలో భారత సంతతికి చెందిన 14 ఏళ్ల రీనా విర్క్ తోటి టీనేజర్ల గుంపు దాడి తర్వాత హత్యకు గురైనప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. 2022 ఏప్రిల్‌లో మన ఎడ్మంటన్‌లోనే మెక్‌నాలీ హైస్కూల్ బయట 16 ఏళ్ల విద్యార్థి మీద గుంపు దాడి జరిగింది, వారం రోజుల తర్వాత ఆ అబ్బాయి కన్నుమూశాడు. పిల్లాడు బెదిరింపు గురించి చెబితే రేపటిదాకా ఆగకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకాలజిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే కాలేజ్ ఆఫ్ అల్బర్టా సైకాలజిస్ట్స్‌లో నమోదై ఉండాలి, వాళ్ల పేరు ఆ జాబితాలో వెతుక్కోవచ్చు. రిజిస్టర్డ్ సోషల్ వర్కర్లలో కూడా పిల్లల థెరపీలో శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. ప్రైవేటుగా వెళితే సైకాలజిస్ట్‌కి గంటకి 200 డాలర్ల పైమాటే. అల్బర్టా హెల్త్ కార్డు దానికి పనిచేయదు, ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో ఏటా ఎంత వస్తుందో, సోషల్ వర్కర్‌కి కూడా వర్తిస్తుందో చూసుకోండి. ప్రొవిజనల్ సైకాలజిస్ట్‌లు, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసేవాళ్లు, తక్కువ తీసుకుంటారు. డబ్బు లేదని ఆగిపోకండి. 211కి ఫోన్ చేస్తే ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే, లేదా ఉచితంగా చూసే చోట్లు చెబుతారు. 811లో నర్సు మాట్లాడుతుంది, భాష కష్టమైతే దుబాసీని అడగవచ్చు. తీవ్రమైన మానసిక ఇబ్బంది ఉన్న నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లలకి కాసా మెంటల్ హెల్త్ సంస్థ బడుల్లోనే ప్రత్యేక తరగతులు నడుపుతోంది. పిల్లలు తమంతట తాము మాట్లాడటానికి కిడ్స్ హెల్ప్ ఫోన్ ఉంది, 1-800-668-6868, మెసేజ్ చేయాలంటే 686868. ప్రాణం మీద ఆశ పోయినట్టు మాట్లాడితే 988. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి, పిల్లల ఫోన్‌లో కూడా పెట్టండి.

మొదటి ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి. ఈ వయసు పిల్లలతో ఎంతకాలంగా పనిచేస్తున్నారు? వలస కుటుంబాల పిల్లలతో, జాతి వివక్ష ఎదుర్కొన్న పిల్లలతో పనిచేశారా? అవసరమైతే బడితో మాట్లాడతారా, దానికి ఫీజు ఎంత? మూడోదానికి "మేం గదిలోనే చూస్తాం" అన్న జవాబు వస్తే, ఎంత పేరున్న థెరపిస్ట్ అయినా ఇంకొకరిని వెతకమంటాను.

బడి మార్చాలా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎడ్మంటన్ పబ్లిక్‌లో పేటకి కేటాయించిన బడి కాకుండా ఖాళీ ఉన్న మరో బడి ఎంచుకునే వీలుంది కాబట్టి ఆశ పుడుతుంది. ప్రాణభయం ఉంటే మార్చాల్సిందే. తక్కిన సందర్భాల్లో మూడు నాలుగు నెలలు పైన చెప్పిన ప్రయత్నం చేశాక, పిల్లాడి ఇష్టం కనుక్కుని నిర్ణయించండి. "నాలోనే తేడా ఉంది" అన్న నమ్మకం పోకముందే మారిస్తే కొత్త బడికి కూడా దాన్ని మోసుకెళ్తాడు. ఎక్కువ బడుల్లో ఆరు నుంచి ఏడుకి వెళ్లేటప్పుడు జూనియర్ హైకి మారడం ఎలాగూ ఉంటుంది. ఆ మార్పుకి మే, జూన్ నెలల్లోనే థెరపిస్ట్‌తో సిద్ధం కావాలి. వేసవిలో ఒకసారి ఖాళీ బడి చుట్టూ నడిచి రండి, లాకర్ తాళం తిప్పడం ఇంట్లోనే నేర్పండి, అదే బడికి వెళ్లే ఒక పిల్లనో పిల్లాణ్నో ఆగస్టులో రెండు మూడుసార్లు ఇంటికి పిలవండి. కొత్త బడి కౌన్సెలర్‌కి మొదటి వారంలోనే మీ పిల్లాడి సంగతి తెలిసేలా థెరపిస్ట్ చేత ఉత్తరం రాయించండి. ఆ ఉత్తరంలో ఏముండాలో పిల్లాడు చదివి ఒప్పుకున్నాకే పంపండి.